అరవై అంగల దూరం

పెద్దయ్య పోయాడన్న కబురు మా అమ్మ ఫోన్‌లో చెప్పగానే నేనడిగిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎప్పుడు, ఎలా అని అడగలేదు. "ఏటైనా సెప్పినాడా?" అన్నాను.

అమ్మకు అర్థం కాలేదు. మంచినీళ్లు అడిగాడట. పెద్దమ్మ గ్లాసు తెచ్చేలోపు అయిపోయిందట. నా గురించి ఏమీ అనలేదా అని మళ్లీ అడగబోయి ఊరుకున్నాను. మూడేళ్లుగా నన్నొక అనుమానం తినేస్తోంది. దాన్ని తీర్చగలిగినవాడు ఆయనొక్కడే అనుకునేదాన్ని. ఆ మనిషే లేకుండా పోయాడు.

ఆయన మాకు చుట్టం కాదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, మా క్వార్టరూ వాళ్ల క్వార్టరూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన లైను మీద పనిచేసేవాడు. నాన్నకంటే వయసులో పెద్ద కాబట్టి నాకు పెద్దయ్య, ఆయన భార్య పెద్దమ్మ. రిటైరయ్యాక వాళ్లు ఊళ్లోనే ఖరిదాలో రెండు గదుల ఇల్లు కొనుక్కున్నారు. తర్వాత మా నాన్న కూడా అదే సందులో చేరాడు. అందువల్ల నా జీవితంలో ఆయన లేని వీధి అంటూ లేదు.

చలికాలంలో మంచు కమ్మితే రైలు నడిపేవాళ్లకు సిగ్నల్ కనిపించదు. అప్పుడు సిగ్నల్‌కు బాగా ముందే పట్టా మీద చిన్న గుండ్రటి రేకు డబ్బాలు కడతారు. ఇంజను చక్రం ఎక్కగానే అవి ఢామ్మని పేలతాయి. ఆ చప్పుడు వినగానే డ్రైవరు ముందు సిగ్నల్ ఉందని తెలుసుకుని బండి నెమ్మది చేస్తాడు. కాగితాల మీద వాటి పేరు డిటనేటర్లు. మా పెద్దయ్య మాత్రం పటాకాలు అనేవాడు. ఏటా మంచు రోజుల్లో వాటిని కట్టే పని ఆయనది. కట్టాక వెనక్కి అరవై అంగలు నడిచి నిలబడాలి. రేకు ముక్కలు ఎగిరి తగలకుండా ఆ దూరం. ఎవరు నేర్పారో తెలియదు గానీ, ఆ అరవై అంగలు ఆయన ఒంట్లోకి ఎక్కిపోయాయి.

కుక్కర్ కూత వేయబోతోందంటే వంటింట్లోంచి లేచి వీధి గుమ్మంలోకి వెళ్లిపోయేవాడు. గోల్‌బజార్లో ఎవరైనా సైకిల్ ట్యూబులో గాలి ఎక్కువ కొడుతుంటే అటు చూస్తూ వెనక్కి నడిచేవాడు. పెదాలు కదిలేవి, లెక్కపెట్టుకుంటున్నాడని తెలిసేది. దీపావళికి మా పిల్లలందరి కోసం చిచ్చుబుడ్డి తనే వెలిగించి, వీపు తిప్పకుండా అంగలు వేసుకుంటూ వెళ్తే, క్వార్టర్ల వరస దాటి పక్క సందులో తేలేవాడు. చిచ్చుబుడ్డి ఆరిపోయాక తిరిగొచ్చి, బాగా కాలిందా అని మమ్మల్నే అడిగేవాడు. వెలిగించినవాడికి వెలుగు చూసే యోగం లేదని పెద్దమ్మ నవ్వేది.

ఎక్కడైనా ఒక వస్తువు దిక్కులేకుండా పడి ఉంటే ముట్టుకునేవాడు కాదు, ముట్టుకోనిచ్చేవాడు కాదు. "ఇది ఎవులు ఎట్టినారు?" అని ముందు అడిగేవాడు. గొడుగు గానీ, టిఫిన్ డబ్బా గానీ, వాళ్లింట్లో వాళ్ల చెంబే గానీ, ముందు ఆ ప్రశ్న అయ్యాకే చెయ్యి ముందుకు సాగేది. నేను భద్రతా దళంలో చేరి శిక్షణకు వెళ్లినప్పుడు మొదటిరోజు మాకు చెప్పిన పాఠం ఇదే. యజమాని ఎవరో తెలియని వస్తువును ముట్టుకోకూడదు, అడగాలి, దూరం జరగాలి, తెలిసినవాళ్లను పిలవాలి. ఆ రోజు నాకు నవ్వొచ్చింది. ఇదంతా నాకు చిన్నప్పుడే మా పెద్దయ్య నేర్పేశాడు కదా అనుకున్నాను.

ఆయనకొక కథ ఉండేది. అది ఎన్నిసార్లు చెప్పినా అవే మాటలు. రిటైరయ్యే ముందు చివరి చలికాలం. చెయ్యి చాపితే వేళ్లు కనిపించనంత మంచు. ఎప్పటిలాగే రెండు పటాకాలు కొంత ఎడంతో కట్టాడు. గూడ్సు బండి వచ్చింది. మొదటిది పేలింది. రెండోది పేలలేదు. డ్రైవరు మొదటి చప్పుడుకే బండి నెమ్మది చేశాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అయినా పెద్దయ్య మనసులో అది అలాగే ఉండిపోయింది. "బండంతా దానిమీంచి ఎల్లిపోయింది. నలిగింది గానీ పేల్నేదు. ఎందుకు పేల్నేదో తెల్దు" అనేవాడు. కథ అక్కడ ఆగేది. ఆ పేలని డబ్బా ఏమైందని మేమెవ్వరం అడగలేదు. ఆఫీసులో అప్పగించే ఉంటాడనుకున్నాం. అప్పగించకుండా ఇంటికి తెచ్చుకున్నాడని, ఖరిదా ఇంట్లో వంటింటి అటక మీద పాత బిస్కెట్ల డబ్బాలో అది ఉందని పెద్దమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

మూడేళ్ల కిందట, చలికాలంలోనే, రెండు రోజులు సెలవు పెట్టి ఇంటికొచ్చాను. అప్పటికి కలకత్తా విమానాశ్రయంలో ప్రయాణికుల సంచులు ఎక్స్‌రే తెర మీద చూసే పనిలో ఉన్నాను. పొద్దున్న పెద్దయ్య వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. పెద్దమ్మ పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మంచులో విమానం దిగాలంటే దానికి పటాకా ఎవరు కడతారని పెద్దయ్య అడిగాడు. నేను నవ్వి, ఏవో రేడియోలూ దీపాలూ అని చెప్పాను. అక్కడినుంచి మాట నా ఉద్యోగం మీదికి మళ్లింది. నాకూ గొప్పలు చెప్పుకోవాలనిపించింది. వీధిలో అందరూ నా ఉద్యోగాన్ని సంచులు వెతకడం అంటారు. కాదని ఆయనకైనా చెప్పాలనిపించింది.

మా మిషను మూత తీయకుండానే లోపలున్నదంతా చూపిస్తుందన్నాను. ఇనుము నీలంగా, తిండీ బట్టా కాగితం లాంటివి నారింజ రంగులో, మధ్యరకం ఆకుపచ్చగా కనిపిస్తాయని చెప్పాను. ఆయన ఈనెల గిన్నె మీదినుంచి ముందుకు వంగాడు.

"మూత తియ్యకుండానే?" అన్నాడు.

అవునన్నాను. మళ్లీ అదే అడిగాడు. మళ్లీ అవునన్నాను.

అనుమానమొస్తే ఏం చేస్తారని పెద్దమ్మ అడిగింది. అదీ చెప్పాను. బెల్టు ఆపేస్తాం, సంచిని బయటికి తీయం, ఎవరినీ దగ్గరికి రానివ్వం. ఆ పని తెలిసినవాళ్లు వేరే ఉంటారు, వాళ్లొచ్చి చూసి, మందపాటి గోడల పీపాలాంటి దాంట్లో పెట్టి, జనం లేని మూలకు తీసుకుపోయి గోతిలో దాని పని ముగిస్తారు. ఎవరికీ గోరంత దెబ్బ తగలదు. మరి సంచి తెచ్చినవాళ్లను ఏం చేస్తారంది. నేను ఏమాత్రం ఆలోచించకుండా, పెద్దవాళ్లు తెలియక తెచ్చారంటే కాగితం రాయించుకుని పంపేస్తాం అన్నాను. ఒక ముసలాయన కోటు జేబులో పాత తూటా దొరికిన సంగతి కూడా చెప్పాను. నిజానికి ఆ ముసలాయన తర్వాత ఏమయ్యాడో నాకు తెలియదు. మా చోటు దాటి పోలీసుల చేతికి వెళ్లాక ఆ కథలు మాకు తెలియవు. ఆ మాట మాత్రం వాళ్లతో అనలేదు.

ఆ తర్వాత నెల తిరక్కుండా, పెద్దయ్య విశాఖపట్నానికి విమానంలో వెళ్తున్నాడని అమ్మ చెప్పింది. కుడికంట్లో శుక్లం ముదిరింది. వాళ్లమ్మాయి అక్కడుంది, ఆపరేషన్ చేయిస్తానంది. ఖరగ్‌పూర్లో ఎక్కితే విశాఖలో దించే రైళ్లు ఎన్నో ఉన్నాయి, ఆయనకు పాసు ఉంది. తూర్పుగా కలకత్తా దాకా పోయి, అక్కడ విమానమెక్కి దక్షిణానికి పోవడమేమిటని వీధంతా నవ్వింది. ఒక్కసారైనా ఎక్కించాలని కూతురి ముచ్చటట. ఆయన ముందు వద్దన్నాడట, తర్వాత సరేనన్నాడట.

ఆ రోజు నా డ్యూటీ పొద్దుటిది. ఆయన ఫలానా రోజున వస్తున్నాడని తెలుసు గానీ నా వరసలోకే వస్తాడని అనుకోలేదు. తెర ముందు ఇరవై నిమిషాలకు మించి కూర్చోనివ్వరు, కళ్లు అలవాటు పడిపోతాయని. నేను కూర్చుని పది నిమిషాలైందేమో. ఒక రెక్సిన్ సంచి లోపలికొచ్చింది. పంచెలు, స్టీలు గ్లాసు, మందుల సీసాలు, చెప్పులు. చెప్పుల పక్కన చదరపు రేకు డబ్బా. దాని లోపల ఇంకో గుండ్రటి డబ్బా. చుట్టూ నీలం గీత, రెండు పక్కలా సన్నటి పట్టీలు, నడుమ ఆకుపచ్చకూ నారింజకూ మధ్య రంగు. అలాంటిది మాకు శిక్షణలో చూపించిన బొమ్మల్లో లేదు. కానీ ఆ నడిమి రంగు మంచిది కాదని తెలుసు.

బెల్టు ఆపేశాను. సంచి మిషను లోపలే ఉంది. మా ఇన్‌చార్జికి మాలో మేము వాడుకునే గుర్తు మాట చెప్పాను. ఆయనొచ్చి తెర చూసి, వెంటనే జనాన్ని వెనక్కి పంపడం మొదలుపెట్టాడు. సంచి ఎవరిదని అడిగారు. బెల్టు అవతల చేతులు చాపి నిలబడినవాళ్లలోంచి మా పెద్దయ్య ముందుకొచ్చాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏటమ్మీ, బండి ఆపీసినావు?" అన్నాడు.

తెలిసినవాళ్ల సంచైతే ఆ సంగతి వెంటనే పైవాళ్లకు చెప్పి పక్కకు తప్పుకోవాలన్నది మా నియమం. ఇన్‌చార్జితో, నాకు తెలిసినాయన అని చెప్పి కుర్చీలోంచి లేచాను. పెద్దయ్యకు మాత్రం, ఎవరో బయటివాళ్లతో మాట్లాడినట్టు, దూరంగా నిలబడండి అని హిందీలో చెప్పాను. తెలుగులో ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. ఆయన నవ్వు ఆగిపోయింది. మిషను వైపు చూశాడు, నా ముఖం చూశాడు, మళ్లీ మిషను వైపు చూశాడు. తర్వాత వీపు తిప్పకుండా ఒక్కో అంగ వెనక్కి వేయడం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. పది, పదిహేను వేసుంటాడు. పారిపోతున్నాడనుకుని ఇద్దరు జవాన్లు వచ్చి రెండు రెక్కలూ పట్టుకున్నారు.

ఆయన పారిపోవడం లేదు, అరవై లెక్కపెడుతున్నాడు అని ఎవరికి చెప్పను? చెప్తే, అరవై దేనికని అడుగుతారు. పేలే వస్తువు దగ్గర నిలబడాల్సిన దూరం అని చెప్పాలి. అప్పుడు సంచిలో పేలే వస్తువు ఉందని ఆయనకు ముందే తెలుసన్నమాట. నేను నోరు మూసుకున్నాను.

సంచిలో గుండ్రటి రేకు డబ్బా ఏమిటని ఇన్‌చార్జి అడిగాడు. పెద్దయ్య కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత రైల్వే హిందీలో నెమ్మదిగా చెప్పాడు. అది పట్టా మీద కట్టే పటాకా, చాలా పాతది, రేకు తుప్పు పట్టి ఉంటుంది, దయచేసి ఎవరూ చేత్తో పట్టుకోకండి, కుదపకండి. ఎవరు పెట్టారంటే, నాదే, నేనే పెట్టుకున్నాను, మర్చిపోయాను అన్నాడు.

తర్వాత జరిగినవన్నీ అరుగు మీద నేను వర్ణించినట్టే జరిగాయి. హాలు ఖాళీ అయింది. ఆ పని తెలిసినవాళ్లు మందమైన దుస్తులు వేసుకుని వచ్చారు, వాసన పట్టే కుక్క వచ్చి మిషను నోటి దగ్గర కూర్చుండిపోయింది. సంచిని ఆ పీపాలో పెట్టి విమానాలు లేని మూలకు తీసుకుపోయారు. మధ్యాహ్నం ఎక్కడో ఒక చప్పుడు వినిపించింది. పెద్ద చప్పుడేమీ కాదు. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు.

కాగితం రాయించుకుని పంపేయడం ఒక్కటే జరగలేదు. రెండు రాత్రులు ఆయన పోలీసు స్టేషన్లో ఉన్నాడు. కూతురు విశాఖ నుంచి పరుగున వచ్చింది, మా నాన్న పాత ఉద్యోగ కాగితాలన్నీ వెతికి పట్టుకెళ్లాడు. వదిలేశారు గానీ, దాదాపు ఏడాదిపాటు వారం వారం వెళ్లి సంతకం పెట్టాల్సి వచ్చింది. ఊరు దాటకూడదన్నారు. ఆపరేషన్ వాయిదా పడింది. కంట్లో నొప్పి పెరిగినా ఎవరికీ చెప్పలేదట. మూడు నెలలకు డాక్టరు చూసేసరికి కుడికన్ను లోపలి నరం చచ్చిపోయిందన్నారు.

నన్ను కూడా విచారణలో అడిగారు. ఆయన మా పొరుగింటివాడని, చిన్నప్పటినుంచీ తెలుసని, సంచిలో ఫలానాది కనిపించిందని రాసి సంతకం పెట్టాను. అన్నీ నిజాలే. అరుగు మీద మాటలు మాత్రం రాయలేదు. ఎవరూ అడగలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చూసినదాన్ని చూసినట్టు చెప్పడానికే నాకు జీతమిస్తారు.

నాలుగు నెలలు ఖరిదా వైపు వెళ్లలేదు. వెళ్లిన రోజున ఆయన ఎదురొచ్చి తిడతాడేమోనని సందులో గోడ పక్కగా నడిచాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి పక్కన చోటు చూపించాడు. బాగున్నావా అని కూడా అడగలేదు.

"నా పటాకా నీ తెరలో ఏ రంగులో అగుపడింది?" అన్నాడు.

నేను చెప్పబోయాను. మాటలతో కుదరలేదు. ఎదురింటి పాపనడిగి రంగు పెన్సిళ్లు తెచ్చి ఒక కాగితం మీద గీశాను. నీలం చుట్టు, పట్టీలు, నడిమి రంగు. ఆయన కాగితాన్ని ఎడమకంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. నడుమంతా ఒకే రంగా, మరకల్లా ఉందా అని అడిగాడు. గుర్తు తెచ్చుకుని, ఒకపక్క కాస్త పలచగా ఉందన్నాను. తల ఊపాడు. ఒకపక్క తడి తగిలిందన్నమాట, అందుకే పేలలేదన్నమాట అని తనలో తనే అనుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత ఆయన ముఖంలో ఏదో సర్దుకున్నట్టు అనిపించింది. ఆ ముఖం చూశాక నాకు ఖాయమైపోయింది. మూత తియ్యకుండానే లోపల చూపించే మిషను కోసమే ఆయన దాన్ని అంత దూరం మోసుకొచ్చాడు. నా గొప్పలు విని, ఒక కన్ను పోగొట్టుకున్నాడు.

అప్పుడే ఇంకో మాట అడిగాడు. "ఆకరికి అది పేలిందా?"

చప్పుడైతే వినిపించిందన్నాను.

"ఆ సప్పుడు దానిదా, దాన్ని పేల్చడానికి ఆళ్లు ఎట్టినదానిదా?"

నాకు తెలియదు. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు కూడా. కనుక్కుంటానన్నాను. కనుక్కోవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ గొయ్యి దగ్గరున్నవాళ్లను ఇలాంటిది అడిగితే ఎందుకని అడుగుతారు.

ఖాయమనుకున్నది ఎన్నాళ్లో నిలబడలేదు. పోలీసులతో మర్చిపోయానన్నాడు కదా. కూతురితో, విశాఖలో రైల్వే ఆఫీసులో అప్పగిద్దామని పట్టుకెళ్లానన్నాడట. మా నాన్నతో, మంచులో మాకు ఇదుండేది అని విమానం నడిపేవాడికి చూపిద్దామనుకున్నానన్నాడట. నాన్న నవ్వుతూ చెబుతుంటే నేను నవ్వలేకపోయాను. ఏ పూట ఏ వస్తువు ఎక్కడ పెట్టాడో చెప్పగలిగిన మనిషి, ముగ్గురికి మూడు మాటలు ఎందుకు చెప్తాడు? ముసలితనం వల్ల మతి తప్పిందా? అయితే రంగుల దగ్గర అంత నిక్కచ్చిగా ఎలా అడిగాడు? వెనక్కి అంగలు వేసింది ముందే తెలిసి వేశాడా, నా ముఖంలో భయం చూసి వేశాడా? ఎటు నుంచి ఆలోచించినా ఒకచోట పొసిగింది ఇంకోచోట పొసిగేది కాదు.

ఒక్కసారి సూటిగా అడిగాను. గోల్‌బజార్లో కలిశారు ఇద్దరూ. చూపు లేని వైపున పెద్దమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. ఆవిడ చేపల దగ్గర బేరం ఆడుతుంటే, ఆయన్ని గొడుగు నీడలోకి తీసుకెళ్లి, నేను అరుగు మీద చెప్పిన మాటలు విని తెచ్చావా పెద్దయ్యా అని అడిగాను. ఆయన చేపల వైపు, అంటే పెద్దమ్మ వైపు, కాసేపు చూశాడు. ఆ దూరంలో ఆయనకు ఏమి కనిపించేదో నాకు తెలియదు.

"నువ్వు బండి ఆపినావు. బాగా ఆపినావు. ఇంకేటి కావాల?" అన్నాడు. అంతలో పెద్దమ్మ సంచితో వచ్చేసింది.

నేను అడిగింది ఒకటి, ఆయన చెప్పింది ఒకటి. ఇంకోసారి అడుగుదాంలే అనుకున్నాను. అలా అనుకుంటూనే రెండేళ్లు గడిచాయి.

పెద్దకర్మ అయిన మర్నాడు గానీ నాకు సెలవు దొరకలేదు. చుట్టాలు సామాన్లు సర్దుకుని స్టేషనుకు ఆటోలు మాట్లాడుకుంటున్నారు. కూతురు వాళ్లను సాగనంపుతూ వీధిలో ఉంది. పెద్దమ్మ వంటింట్లో ఒక్కతే, చిన్న పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. నేను కింద కూర్చుని, ఇంక దాచుకోలేక, అంతా చెప్పేశాను. ఆ రోజు అరుగు మీద నేను గొప్పలు పోకపోయి ఉంటే పెద్దయ్య దాన్ని పట్టుకొచ్చేవాడు కాదని, కన్ను పోయేది కాదని, ఆ మాట విచారణలో కూడా దాచానని.

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవడం లేదు.

"ఆయన పట్టుకురానేదమ్మీ. ఆయనకి తెల్దు. నేనే ఎట్టినాను" అంది.

నాకు సరిగ్గా వినపడలేదనుకున్నాను. ఆవిడ గొంతు పెంచకుండా చెప్పుకుపోయింది. అటక మీద, సరిగ్గా పొయ్యికి పైన, పన్నెండేళ్లు ఉందది. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ గుండె దడదడలాడేది. ఆఫీసులో ఇచ్చేయమంటే ఇప్పుడిస్తే ఉద్యోగం మీద మచ్చ అనేవాడు, చెరువులో పడేయమంటే ఎవరి కాలికి తగులుతుందో అనేవాడు, అది చచ్చిన మందే పేలదులే అనేవాడు. కారణం తెలిసేదాకా దాన్ని వదలడని ఆవిడకు అర్థమైంది. ఆ రోజు అరుగు మీద నేను చెప్పింది విన్నది. తెలిసినవాళ్లు వచ్చి పట్టుకెళ్తారని, ఎవరికీ దెబ్బ తగలకుండా ముగిస్తారని, పెద్దవాళ్లైతే కాగితం రాయించుకుని పంపేస్తారని. పైగా అక్కడ ఉండేది నేనే. ప్రయాణం రోజున సంచి సర్దింది ఆవిడే. చెప్పుల పక్కన పెట్టింది.

"నువ్వుంటావు కదా అనుకున్నాను" అంది.

పెద్దయ్య కథలో పేలని రెండో పటాకా ఇప్పుడు పేలినట్టు అనిపించింది. ఆయన ఒక మాట పట్టుకున్నాడని నేను ఇన్నాళ్లూ అనుకుంటుంటే, పక్కనే ఈనెలు తీస్తున్న ఆవిడ ఇంకో మాట పట్టుకుంది. ఎవరు విన్నా మాట నాదే. మరి ఆయనకు తెలుసా? మిషను ముందు నిలబడి, గుండ్రటి రేకు డబ్బా అనగానే, కొంచెంసేపు మాట్లాడకుండా ఉన్నాడే, అప్పుడేనా తెలిసింది? ముగ్గురికి మూడు మాటలు చెప్పింది, అసలు మాట ఏమిటో తనకే తెలియకనా, తెలిసేనా?

అదే అడిగాను. పెద్దయ్యకు తెలుసా అని.

"స్టేషన్నుంచి వొచ్చిన దినం గుమ్మంలో నిలబడి నాకేసి సూసినాడు. అన్నం ఎట్టమన్నాడు. ఎట్టినాను. ఆయన అడగనేదు, నేను సెప్పనేదు" అంది పెద్దమ్మ. కాసేపాగి, "తెలీకేటి" అంది. ఇంకాసేపాగి, "ఏమో, తెల్దేమో" అంది.

మూడేళ్లు ఒక్క ఇంట్లో, ఆ కన్ను వైపు మోచెయ్యి పట్టుకుని నడిపిస్తూ, ఒకరు అడగకుండా, ఒకరు చెప్పకుండా. కోపం రావాలేమో అనుకున్నాను. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. వీధిలో ఆటో కదిలిన చప్పుడు, ఎవరో జాగ్రత్తలు చెబుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి.

"మరిప్పుడు మీ ఆఫీసోళ్లకి సెప్పాలా?" అని అడిగింది పెద్దమ్మ. భయంతో కాదు. చెప్పాలంటే చెబుదాం అన్నట్టు అడిగింది.

ఇలాంటి ప్రశ్నకు జవాబు నాకు నోటికి రావాలి. శిక్షణలో రాయించారు, ఏటేటా మళ్లీ గుర్తు చేస్తారు. చెబితే ఆవిడ ఈ వయసులో పోలీసు స్టేషను మెట్లు ఎక్కాలి. చెప్పకపోతే ఆయన పేరు మీద ఆ కాగితం అలాగే ఉంటుంది, మతిమరుపువాడని, నిర్లక్ష్యపు మనిషని. ఆయన జీవితంలో ఒక్కనాడూ కానిది అదే. ఏది ఆయన కోరుకునేవాడో తేల్చుకోలేకపోయాను.

"నాకు తెల్దు పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ తల ఊపింది. నా జవాబుతో ఏదో తేలినట్టుగా లేచి, రెండు కంచాలు తీసి కడిగింది. నా ముందొకటి పెట్టింది. రెండోది ఎవరికని చూశాను. పొద్దుటినుంచి ఎవరెంత బతిమాలినా తల్లి ముద్ద ముట్టలేదని అంతకుముందే వాళ్లమ్మాయి నాతో చెప్పింది. పెద్దమ్మ నా పక్కనే గోడకు ఆనుకుని కూలబడి, ఆ కంచంలో అన్నం పెట్టుకుని, పప్పు వేసుకుని, తల వంచుకుని కలుపుకోవడం మొదలుపెట్టింది.